పాతబస్తీ ఇరానీ కేఫ్‌కు చలికాలపు ముస్తాబు: ఒక కేస్ స్టడీ

మూసీకి దక్షిణాన, పత్తర్‌గట్టీ రాతి కమాన్ల వెనుక గల్లీలో, రెండు దారులు కలిసే మూల మీద ఒక ఇరానీ కేఫ్ ఉంది. మొన్నటి చలికాలానికి దాని లోపలి అలంకరణ నేను చేశాను. ఇంటీరియర్ డిజైనర్‌గా నా పని ఎక్కువగా పాత కట్టడాలలోనే సాగుతుంది కాబట్టి సున్నపు గోడలూ టేకు దూలాలూ నాకు కొత్త కావు. కానీ చలికాలం కోసం అలంకరణ అని ఎవరైనా అడగడం మాత్రం అదే మొదటిసారి. చేసినది చేసినట్టుగా, బెడిసికొట్టిన వాటితో సహా రాస్తున్నాను. యజమాని కోరిక మేరకు కేఫ్ పేరు చెప్పడం లేదు.

గది

లోపలి కొలత తూర్పు పడమరలుగా 32 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 18 అడుగులు, ఎత్తు 15 అడుగులు. గోడలు రాయీ ఇటుకా కలిపి సున్నంతో కట్టినవి. మందం ఎక్కడా రెండడుగులకు తక్కువ లేదు. పైన టేకు దూలాలు, వాటి మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో పోసిన మిద్దె. తూర్పున పెద్ద గల్లీలోకి ఒక వాకిలి, ఉత్తరాన చిన్న గల్లీలోకి మరొకటి. పడమటి చివర అడ్డుగోడ వెనుక వంటిల్లు, దాని ముందు అందరికీ కనిపించేలా చాయ్ పొయ్యి. దక్షిణపు గోడ పొడవునా చెక్క బల్ల, దాని మీదుగా టేకు చట్రాలలో బిగించిన నాలుగు పెద్ద అద్దాలు. వాటి వెనుక పూత అక్కడక్కడా లేచిపోయి నల్లని మచ్చలు పడింది. పదకొండు పాలరాతి టేబుళ్లు, వంపు చెక్క కుర్చీలు, తూర్పు వాకిలి పక్కనే గల్లా.

1908 సెప్టెంబరు చివర వచ్చిన మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుసను కట్టించింది. మా కేఫ్ ఆ వరుసలోనిది కాదు కానీ, దూలాల కోతనూ వాకిళ్ల చట్రాలనూ బట్టి చూస్తే ఇంచుమించు ఆ తరం కట్టడమే అనిపిస్తుంది. బొంబాయి మీదుగా వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన ఒక ఇరానీ కుటుంబం దీనిని పెట్టింది. ఇప్పటి యజమాని నల్గొండ వైపు పల్లె నుంచి పన్నెండేళ్ల వయసులో ఇక్కడ కప్పులు కడగడానికి వచ్చి, టేబుళ్లకు చాయ్ అందించే బైరాగా పనిచేసి, తర్వాత గల్లా మీద కూర్చుని, పాత యజమానులు ఊరు విడిచి వెళ్లినప్పుడు కేఫ్‌ను తానే తీసుకున్నారు. చాయ్ చేసే పద్ధతి మాత్రం మారలేదు. డికాక్షన్ మూత బిగించిన రాగి పాత్రలో దమ్ము మీద ఉంటుంది, పాలు విడిగా చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి.

అనుమతుల విషయం ఒక్క మాటలో ముగిస్తాను. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కనుక దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మా కేఫ్ ఆ మూడు వందల మీటర్లకు అవతల ఉంది. అయినా బయటి గోడను ముట్టుకోకూడదని నేనే నిర్ణయించుకున్నాను.

ఏది మంచు?

నన్ను పిలిచింది యజమాని కొడుకు. డిసెంబరు మొదటి వారం నుంచి, జనవరి 1న మొదలై ఫిబ్రవరి నడిమి దాకా సాగే నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, ముగిసేవరకు, పాతబస్తీకి సాయంత్రాలలో బయటి జనం ఎక్కువగా వస్తారు. లాడ్ బజారులో గాజులు కొని, చార్మినార్ ముందు ఫోటో దిగి, ఎక్కడైనా కాసేపు వెచ్చగా కూర్చుందామని చూస్తారు. వాళ్లను ఈ గల్లీలోకి రప్పించాలన్నది అతని కోరిక. ఫోన్‌లో కొన్ని బొమ్మలు చూపించాడు: దేవదారు చెట్టు, కిటికీ అంచున దూది మంచు, ఎర్ర రిబ్బన్లు, థర్మోకోల్‌తో కోసిన తెల్లని పూరేకులు.

“ఇట్ల మంచు పెడితే పిల్లలు ఫోటోలు దిగుతరు మేడమ్” అన్నాడు.

గల్లాలో చిల్లర లెక్క పెడుతున్న తండ్రి తల ఎత్తకుండానే, “మంచు అంటే పొద్దుగాల గండిపేట కాడ లేచేదే బిడ్డా. కొమ్మల మీద పేరుకునే మంచు మనం ఏడ చూసినం?” అన్నారు.

తెలుగులో పొగమంచుకూ, రాత్రి కురిసే మంచుకూ, కొండల మీద పేరుకునే మంచుకూ ఒకటే మాట ఉండటం వల్ల తండ్రీ కొడుకులు ఒకే పదంతో రెండు వేర్వేరు వస్తువుల గురించి వాదించుకున్నారు. ఆ వాదనే నాకు పని దారి చూపింది. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. మామూలు డిసెంబరు రాత్రులలో కనిష్ఠం 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఇది ఒళ్లు గడ్డకట్టే చలి కాదు. తెల్లవారుజామున మఫ్లర్ చుట్టుకునే చలి, సాయంత్రం చేతులు రుద్దుకునే చలి, మధ్యాహ్నానికి మాయమయ్యే చలి. ఇలాంటి చలికి మనిషి కోరేది వేడి కాదు, చల్లగాలి తగలని ఒక మూల. దేవదారు చెట్టు ఆ పని చేయదు. పైగా దూదీ థర్మోకోలూ పొయ్యి ఉన్న గదిలో, బల్బుల పక్కన, నిప్పుకు ఎదురు చూస్తున్న వస్తువులే. ఆవిరికి తడిసి మసి పట్టిన దూది రెండో వారానికి ఎలా ఉంటుందో కొడుక్కి వివరించాక అతను పట్టు సడలించాడు.

అతని రెండో కోరిక గది నడుమ బొగ్గుల అంగీఠీ. దానికి సూటిగా కుదరదన్నాను. బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. గాలి రాకుండా వాకిళ్లు మూసుకున్న గదిలో మనుషులకు తెలియకుండానే అది ప్రాణం తీస్తుంది. బయట గల్లీలో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదన్నాను. దారికి అడ్డమని యజమానే వద్దన్నారు.

అగరుబత్తితో ఒక ఉదయం

అలంకరణ గీతలు గీయడానికి ముందు, నవంబరు మొదట్లో ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి కేఫ్‌కు వెళ్లాను. అప్పటికే సగం టేబుళ్లు నిండి ఉన్నాయి. ఆటోవాళ్లు, మండీకి వెళ్లేవాళ్లు, ఫజర్ నమాజు ముగించుకుని వచ్చిన పెద్దవాళ్లు. ఒక విషయం వెంటనే కంటపడింది. దక్షిణపు గోడ బల్ల మీద జనం కిక్కిరిసి ఉన్నా, గది నడుమ మూడు టేబుళ్లు ఖాళీగా ఉన్నాయి. కారణం అడిగితే బైరా నవ్వి, “అక్కడ కాళ్లకు సలి పెడ్తది మేడమ్, ఎవ్వరు కూసోరు” అన్నాడు.

ఒక అగరుబత్తి వెలిగించి ఉత్తరపు వాకిలి దగ్గర మోకాలి ఎత్తులో పట్టుకున్నాను. పొగ పైకి లేవకుండా తాడు గుంజినట్టు నేరుగా పడమటికి, వంటింటి వైపు సాగింది. అదే బత్తిని తల ఎత్తుకు తీసుకువెళితే పొగ వేగం తగ్గి మెల్లగా పైకి లేచింది. ఖాళీ టేబుళ్ల కింద పట్టుకుంటే మళ్లీ పడమటికే. వంటింట్లోకి వెళ్లి చూస్తే పద్దెనిమిది అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోంది. దానిని ఆపించి బయటకు వచ్చి మళ్లీ పట్టుకున్నాను. పొగ నిలువుగా లేచింది.

విషయం ఇదీ. ఫ్యాను ఎంత గాలిని బయటకు తోస్తుందో అంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. వంటింటి వెనుక గోడలో అందుకోసమే ఒక వెంటిలేటరు ఉంది, రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. పావురాలు వస్తున్నాయని ఎప్పుడో దానికి ప్లైవుడ్ కొట్టేశారు. అప్పటి నుంచి ఫ్యానుకు కావలసిన గాలి అంతా ఉత్తరపు వాకిలి నుంచి వస్తోంది. చల్లగాలి బరువు కనుక అది నేలను అంటిపెట్టుకుని టేబుళ్ల కాళ్ల మధ్య నుంచి సాగిపోతోంది. కదలకుండా కూర్చున్న మనిషికి, గాలి వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు దాటితే ఒంటికి చల్లగా తోచడం మొదలవుతుంది. ఇక్కడ కాళ్ల దగ్గర అంతకు రెండింతలు ఉండి ఉంటుంది. పొయ్యి వేడి మాత్రం పదిహేను అడుగుల ఎత్తుకు పోయి దూలాల కింద నిలిచి ఉంది. ఆ వేడి అనుభవిస్తున్నది బల్లులే.

ప్లైవుడ్ తీయించి ఆ చోట పావురాలు దూరని సన్నటి ఇనుప జాలీ బిగించాం. వేపుళ్లు లేనప్పుడు ఫ్యాను ఆపాలని వంటవాళ్లకు చెప్పాం. మరుసటి ఉదయం అగరుబత్తి పొగ ఉత్తరపు వాకిలి దగ్గర కొంచెం వంగింది, అంతే. ఈ పనికి అయిన ఖర్చు జాలీ, నాలుగు చెక్క పట్టీలు, ఒక పూట కూలీ. తర్వాత నేను తగిలించిన ఏ వస్తువూ ఆ గదిని దీనంతగా వెచ్చబరచలేదని నా అభిప్రాయం.

గోడ

“గోడకు ఒక్క మొల కూడ కొట్టకు బిడ్డా, పెచ్చులకు పెచ్చులు లేస్తయి” అని యజమాని మొదటి రోజే చెప్పారు. ఆయన మాట నిజం. పాత సున్నపు పూత మీద మేకు కొడితే, దెబ్బ తగిలిన చోట కాకుండా చుట్టూ అరచేయంత మేర గుల్ల అయి రాలుతుంది. ఈ గోడకు అంతకంటే పెద్ద జబ్బు మరొకటి ఉంది. నేల నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు, తుడవడానికి వీలుగా ఉంటుందని, ఎవరో ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేశారు. సున్నపు గోడ నేల చెమ్మను పీల్చి గాలికి వదులుతూ ఉంటుంది. దాని మీద ఆయిల్ పెయింట్ వేస్తే చెమ్మ వెనుకనే చిక్కుకుని, ఉప్పు పొంగి, రంగు బొబ్బలు కడుతుంది. చేత్తో నొక్కితే పొడి రాలుతోంది.

సున్నం మేస్త్రీ చార్మినార్ వెనుక బస్తీలోనే దొరికారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లపు నీళ్లూ కలిపి సున్నం నూరే పద్ధతి ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. పాడైన చోట మాత్రమే పూత గీకించి, కొత్తది వేయించి, వారం పాటు తడి గోనెలు కప్పి ఉంచాం. సున్నం సిమెంటులాగా నీళ్లతో గట్టిపడేది కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా తీసుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. డిసెంబరు ముస్తాబుకు నవంబరులోనే గోడ పని ముగించాలని తొందర పెట్టింది ఇందుకే. నిజానికి వానలు తగ్గిన వెంటనే అక్టోబరులో మొదలుపెట్టి ఉంటే ఇంకా బాగుండేది. పైపూతగా పసుపు మట్టి కలిపిన వెల్ల రెండు చేతులు వేయించాం. మాసినప్పుడు తుడవడం కుదరదని బైరాలు సణిగారు. ఏటా ఒకసారి వెల్ల వేసుకుంటే తుడవాల్సిన పనే లేదని మేస్త్రీ వాళ్లకు చెప్పారు.

వేలాడదీసేవన్నీ పాత ఫ్యాన్ల కొక్కేలకే కట్టాలని నిర్ణయించుకున్నాం. గది అడ్డంగా ఆ కొక్కేల మధ్య నాలుగు ఉక్కు తీగలు లాగి, దీపాలూ దండలూ వాటికే తగిలించాం. గోడకుగానీ టేకు దూలానికిగానీ కొత్త రంధ్రం పడలేదు.

వెలుతురు

కేఫ్‌లో ఎనిమిది నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు ఉండేవి, అన్నీ 6500 కెల్విన్ తెల్లటి వెలుతురువే (కెల్విన్ వెలుతురు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపుదనం పెరుగుతుంది). టేబుల్ మీద వెలుతురు ఎంత పడుతోందో కొలిచే లక్స్ మీటర్ పెడితే 280 చూపింది. అది గుమాస్తా బల్లకు సరిపోయే వెలుతురు. చలి సాయంత్రం కూర్చునే చోట ముఖాలు పాలిపోయినట్టు, చాయ్ బూడిద రంగులో ఉన్నట్టు కనిపిస్తాయి. ఇరానీ చాయ్ రంగు కప్పులో ఇటుక రంగుకూ తేనె రంగుకూ మధ్య ఉంటుంది. ఆ రంగు కనిపించని వెలుతురులో ఆ చాయ్‌ను అమ్మడం దానికి అన్యాయం చేయడమే.

ట్యూబుల స్థానంలో పద్నాలుగు దీపాలు వేలాడదీశాం. ఒక్కొక్కటి 4 వాట్ల, 2700 కెల్విన్ ఎల్‌ఈడీ. అన్నీ కలిపినా 56 వాట్లు. టేబుళ్ల మీద 75 లక్స్, గల్లా మీద నోట్లు చూసుకోవడానికి 200, చాయ్ పొయ్యి మీద అంతకంటే కాస్త ఎక్కువ. గదిలోకి అడుగు పెట్టినవారి చూపు ముందుగా రాగి పాత్ర మీదా దాని చుట్టూ లేచే ఆవిరి మీదా పడాలి. ఆ గదికి అంతకంటే పెద్ద అలంకరణ లేదు.

మొదటి సాయంత్రం దీపాలు వెలిగించి దక్షిణపు గోడ బల్ల ఎదుటి కుర్చీలో కూర్చుంటే కళ్లు జిగేలుమన్నాయి. కారణం అద్దాలు. ఎదురుగా ఉన్న ప్రతి బల్బూ అద్దంలో మరొకటిగా నేరుగా కంట్లోకి కొడుతోంది. అద్దాలను కప్పాలన్న ఆలోచన నాకు రాలేదు, వచ్చినా యజమాని ఒప్పుకునేవారు కాదు. పాత ఇత్తడి గిన్నెలు కొని, అడుగున రంధ్రం చేయించి, బోర్లించి, బల్బు అంచుకంటే రెండంగుళాలు లోపలే ఉండేలా బిగించాం. అప్పుడు బల్బు కనిపించకుండా వెలుతురు మాత్రం కిందికి పడింది. తెల్లని పాలరాయి ఆ వెలుతురును తిరిగి పైకి, కూర్చున్నవారి ముఖాల మీదికి పంపింది. అద్దంలో ఇప్పుడు కనిపించేవి ఇత్తడి అంచుల మెరుపులు మాత్రమే, మచ్చల మధ్య నుంచి. పాలరాయి మీద గుడ్డలు పరచాలన్న నా మొదటి ఆలోచనను ఆ రోజే వదులుకున్నాను. రోజుకు వందల సార్లు తడిబట్టతో తుడిచే టేబుల్ మీద గుడ్డ పరిస్తే పాలవాసన పడుతుందని బైరాలు అంతకుముందే చెప్పారు. నాకు మాత్రం వెలుతురు చూశాకే అర్థమైంది.

వైరింగు సంగతి చెప్పకపోతే ఈ వివరణ సగమే. గోడల మీద చెక్క పట్టీల వెంట నడిచిన పాత తీగలు కొన్ని చోట్ల పూత రాలి ఉన్నాయి. అలంకరణ దీపాలకు విడిగా ఒక లైను, కరెంటు మోతాదు మించితే ఆపే 6 ఆంపియర్ల ఎంసీబీ, దాని ముందు కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. తడి చేతులతో తిరిగే బైరాలు ఉన్న చోట ఈ ఆర్‌సీసీబీ విషయంలో నేను బేరం ఆడను. కొడుకు ఎంతో ఇష్టంగా తెచ్చిన సీరియల్ సెట్లలో రెండింటి తీగ గోటితో గీకితేనే ఊడివచ్చింది. వాటిని పక్కన పెట్టించాను.

గొంగడి, జంపఖానా, గాజులు

చలికి కప్పుకునే వస్తువు అంటే ఈ నేల మీద మొదట గుర్తుకు వచ్చేది గొంగడి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని కురుమలు వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి బిగువు చేస్తారు. ఉన్ని నూలులాగా గబుక్కున అంటుకోదు, అంటుకున్నా మంట దానంతట అదే ఆగిపోయే గుణం ఉంది. పొయ్యి ఉన్న గదికి ఇది చిన్న విషయం కాదు. ఆరు గొంగళ్లు తెప్పించి, సగానికి మడిచి, దక్షిణపు గోడ బల్లకు వీపు ఆనే చోట చెక్క పట్టీలతో బిగించాం. కూర్చునే చోట కూడా పరిస్తే, పలుచటి బట్టలు వేసుకున్నవాళ్లకు ఉన్ని గుచ్చుకుంటోందని రెండో రోజే తెలిసింది. అక్కడ వరంగల్ జంపఖానా వేశాం.

కొత్త గొంగడికి గొర్రె వాసనా గంజి వాసనా కలిసి ఉంటాయి. మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టించాను. ఇంకా వాసన ఉందేమోనని నేను సందేహిస్తుంటే యజమాని దగ్గరికి వచ్చి, ఒక కొసను ముక్కుకు ఆనించుకుని, “ఇంత పోయింది, ఇంత ఉన్నది. ఉండనీ బిడ్డా, మా నాయిన భుజం మీద ఉండె ఈ వాసన” అన్నారు. ఆ తర్వాత నేను వాసన గురించి మాట్లాడలేదు. గొంగళ్ల వల్ల గదిలో మోత కూడా కొంత తగ్గింది. “దో పౌనా, ఏక్ సాదా” అని చాయ్ మాస్టర్‌కు వేసే కేకలు మాత్రం గొంగళ్లకు లొంగేవి కావు. లొంగాలని నేనూ కోరుకోలేదు.

గాజుల విషయంలో తెలివి తక్కువ పని నాదే. పక్కనే లాడ్ బజారు ఉంది, హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కనుక వాటితోనే దండలు కట్టి చాయ్ పొయ్యి మీదుగా వేలాడదీస్తే అద్దాల ముక్కలు తళుకుమంటాయని అనుకున్నాను. తళుకుమన్నాయి కూడా, రెండు రోజులు. మూడో రోజు ఉదయం చాయ్ మాస్టర్ తన పాత్ర మూత మీది నుంచి ఒక చిన్న అద్దపు ముక్కను వేలి కొసతో తీసి నా అరచేతిలో పెట్టారు. తలెత్తి చూస్తే కింది వరుస గాజులు గుండ్రం తప్పి కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉన్నాయి. లక్కను వేడి చేసి మెత్తబరిచే గాజు చేస్తారని చిన్నప్పటి నుంచీ ఆ బజారులో చూస్తున్నదాన్ని, అదే లక్కను పొయ్యి ఆవిరి మీద కట్టాను. ముక్క మూత మీద పడింది కాబట్టి సరిపోయింది. పాత్రలో పడి ఉంటే ఎవరి కప్పులోకి పోయేదో. ఆ దండలన్నీ అప్పటికప్పుడే విప్పించాను. పొయ్యి మీద ఇప్పుడు ఏమీ లేదు. తూర్పు వాకిలి కమాను కింద మామూలు గాజు గాజులు కట్టాం. గాలికి అవి చేసే చప్పుడు బాగుంటుంది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి మూడు రోజులకొకసారి బంతిపూలు వస్తాయి. చలికాలపు బంతి చవకా, నిండుగానూ ఉంటుంది.

మూసుకున్నట్టు కనిపించిన వాకిలి

ఉత్తరపు వాకిలికి జంపఖానా పరదా కట్టించాను. వెంటిలేటరు తెరిచాక అక్కడి నుంచి వచ్చే గాలి చాలా తగ్గినా, సాయంత్రం ఆ పరదా ఎర్రటి పట్టీలు దీపం వెలుగులో చూడముచ్చటగా ఉంటాయన్నది అసలు కారణమని ఇప్పుడు ఒప్పుకుంటాను. సాయంత్రాలు కొడుకు అనుకున్నట్టే నడిచాయి. గాజులు కొనుక్కున్నవాళ్లు వచ్చారు, గొంగడికి వీపు ఆనించి ఫోటోలు దిగారు, ఉస్మానియా బిస్కెట్లు పొట్లాలు కట్టించుకుని వెళ్లారు.

పది రోజుల తర్వాత యజమాని ఫోన్ చేసి తెల్లవారుజామున రమ్మన్నారు. వెళ్లి చూస్తే, నవంబరులో సగం నిండి ఉన్న గదిలో ఐదారుగురే ఉన్నారు. ఉత్తరపు చిన్న గల్లీలో ఆటో నిలిపే ఒకాయనను ఆపి అడిగాను. “పరదా కట్టిన్రు గదమ్మా, బంద్ అయ్యిందనుకున్నం. మల్ల లోపల లైట్లవి చూస్తే మాలాంటోళ్లకు కాదనిపించింది. చాయ్ రేటు పెంచిన్రా?” అని అడిగారు. రేటు పెంచలేదు. కానీ చీకట్లో వచ్చే మనిషికి ఆ రేటు చెప్పేది బోర్డు కాదు, తెరిచిన వాకిలీ, దూరం నుంచే కనిపించే తెల్లటి వెలుతురూ, బయటకు కొట్టే చాయ్ వాసనా. ఆ మూడింటినీ నేను పరదా వెనుక పెట్టాను. కొలతలు తీయడానికి తెల్లవారుజామున వచ్చిన నేను, గీతలు గీసింది మాత్రం సాయంత్రం వచ్చేవాళ్ల కోసమే.

పరదాను ఆ రోజే తీసివేశాం. ఉదయం కోసం మూడు ట్యూబులను వేరే స్విచ్చు మీద తిరిగి బిగించాం, ఈసారి 4000 కెల్వినువి; తెలుగు పేపరు, ఉర్దూ పేపరు చదివేవాళ్లకు ఆ వెలుతురు కావాలి. ఎనిమిది గంటలకు అవి ఆరిపోతాయి, సాయంత్రం ఇత్తడి దీపాలు వెలుగుతాయి. ఉత్తరపు వాకిలి బయట చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడేవాళ్ల కోసం ఎప్పటిలాగే చిన్న బల్ల వేయించాం. ఉదయపు జనం తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. కొందరు రాలేదని యజమాని అంటారు, వాళ్ల ముఖాలు ఆయనకు గుర్తు. ఈ పనిలో నా లెక్కలో పడిన నష్టం అదే.

ఫిబ్రవరి మూడో వారంలో గొంగళ్లు విప్పి, దులిపి, ఎండబెట్టి, ఎండిన వేపాకు మడతలలో వేసి ట్రంకు పెట్టెలో పెట్టాం. జంపఖానాలు చాకలికి వెళ్లాయి. ఇత్తడి దీపాలు మాత్రం దించవద్దని యజమాని అన్నారు, అవి అక్కడే ఉన్నాయి. జూన్‌లో వానలు మొదలయ్యాక చాయ్ తాగడానికి వెళ్లి, అలవాటు కొద్దీ వంటింటి వెనక్కి తొంగి చూశాను. జల్లు కొడుతోందని జాలీ మీద ఎవరో ఫ్లెక్సీ ముక్క కప్పి మేకులు కొట్టారు. వానాకాలం వరకు ఉండనివ్వమని వంటవాడు బతిమాలాడు, సరేనన్నాను. మేకులు చెక్క పట్టీకే కొట్టారో లేదో చూసుకున్నాను. నవంబరులో ఒక తెల్లవారుజామున మళ్లీ అగరుబత్తి పట్టుకుని వెళ్లాలి.